బోర్డు ఉన్నంతసేపు

నోటీసు తలుపుకు అంటించి ఉంది. లిల్లీ తను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ దాన్ని చదివింది. కింద శ్రమవాటిక గృహనిర్మాణ సంఘం కార్యదర్శి జగదీశ్వర్ సంతకం ఉంది. మూడో అంతస్తులోని ఈ ఇంటి యజమానురాలు జమున, సంఘం అనుమతి లేకుండా డాబా మీద రేకుల గది వేసింది. దాన్ని తీసేసే వరకు ఈ ఇంటికి నీళ్లు, కరెంటు నిలిపివేయాలని సంఘం తీర్మానించింది. నోటీసు సారాంశం అదే.

జమున కరీంనగర్‌లో ఉంటుంది. ఈ ఇంట్లో కిరాయికి ఉంటున్నది లిల్లీ, ఆమె తల్లి సువార్త, తండ్రి మత్తయి. మత్తయి గోదావరిఖనిలో అండర్‌గ్రౌండ్ ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైనప్పుడు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి ఇక్కడికి వచ్చారు. ఆ తర్వాత అతని ఊపిరితిత్తులు చెడిపోయాయి. డాక్టర్లు ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోమన్నారు. గదిలోని గాలిని లాగి, అందులోంచి ప్రాణవాయువును వేరు చేసి, గొట్టంలోంచి ముక్కుకు పంపే మిషను అది. కరెంటు మీద నడుస్తుంది. రాత్రింబవళ్లు నడవాలి. 2012 వేసవి అది. ఊళ్లో రోజూ కరెంటు కోతలు ఉండేవి. కోతల కోసం మంచం పక్కన చిన్న సిలిండరు ఒకటి పెట్టుకున్నారు. కోత అయిపోయేదాకా అది సరిపోయేది.

లిల్లీ నోటీసు పట్టుకుని కింది అంతస్తులోని సంఘం గదికి వెళ్లింది. జగదీశ్వర్ ఉన్నాడు. అతను కూడా గనిలోనే ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరైనవాడు. ఒకప్పుడు మత్తయి అతని కింద పనిచేశాడు. బెంచీ మీద ఆగయ్య కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆగయ్యకు కింద సొంత ఇల్లుంది. మత్తయితో ఒకే షిఫ్టులో ఏళ్లపాటు పనిచేశాడు. ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు.

"నీ మీద మాకేం కోపం లేదు బిడ్డా," అన్నాడు జగదీశ్వర్. "ఆమెకు ఎన్నిసార్లు చెప్పినం. ఫోను ఎత్తది. ఎత్తినా రేపు మాపు అంటది. సంఘం అన్నంక ఒక కాయిద కానూన్ ఉండాలె గద."

"గది ఆమె వేసింది సార్. నీళ్లు మాకెందుకు బంద్ చేస్తున్నరు?"

"ఆమె ఇక్కడ ఉంటే ఆమెకే చేస్తుంటిమి. ఉంటలేదాయె. మీరు పోయి గట్టిగ అడుగుండ్రి. మీరు లొల్లి పెడితేనే ఆమె దిగొస్తది."

ఆగయ్య పేపరు దించాడు. "అంటే కిరాయిదార్లను ఎండవెట్టి ఓనరును మెత్తగ చేస్తవన్నట్టు. మంచిగనే ఉన్నది సార్. పొయ్యి మీద కుండ పెట్టి పక్కింట్ల బువ్వ ఉడకాలె అన్నట్టు ఉన్నది నీ యవ్వారం."

"ఆగయ్యా, నువ్వు మెంబరువా, వాళ్ల వకీలువా?"

"మెంబర్నే. తీర్మానం నాడు మా బిడ్డ ఊరికి పోయిన. అదే మీకు సందు దొరికింది."

లిల్లీ అడిగింది. "బాపుకు మిషను ఉన్నది సార్. మీకు ఎరుకే. కరెంటు బంద్ చేస్తే ఆయన ఎట్ల బతుకుతడు?"

జగదీశ్వర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కరెంటు ముచ్చట తర్వాత. ముందుగాల నీళ్లే," అన్నాడు.

మరునాడు నీళ్లు బంద్ అయ్యాయి. సువార్త, లిల్లీ ఆగయ్య ఇంటి నల్లా దగ్గర బిందెలు పట్టుకుని మూడు అంతస్తులు మోసుకెళ్లేవారు. సువార్తకు మోకాళ్ల నొప్పులు. ప్రతి మలుపు దగ్గర బిందె దించి నిలబడేది. మత్తయి మంచం మీద కూర్చుని ఆమె అడుగులు వినేవాడు. ఆమె తలుపులోకి రాగానే, "ఇగ చాలు," అనేవాడు. ఆమె మళ్లీ దిగేది.

లిల్లీ జమునకు ఫోన్ చేసింది. డాబా మీద హక్కు తనకుందని, రేకులు తియ్యనని జమున చెప్పింది. "మీకు తిప్పలైతే ఖాళీ చెయ్యమ్మా, నేనేం అనుకోను," అంది.

ఖాళీ చెయ్యడానికి లిల్లీ ఇళ్లు వెతికింది. గాంధీనగర్‌లో ఒకరు, మార్కండేయ కాలనీలో ఒకరు ఇస్తామన్నారు. మిషను సంగతి చెప్పగానే ఇద్దరూ వెనక్కి తగ్గారు. "ఇంట్లో ఏమన్న అయితే మల్ల ఆ ఇంట్ల ఎవరు దిగుతరమ్మా," అని ఒకామె ముఖం మీదే అంది.

అప్పుడు శాంతిరాజ్ దగ్గరికి వెళ్లారు. అతను వాళ్ల చర్చికి వచ్చే వకీలు, గోదావరిఖని కోర్టులోనే ప్రాక్టీసు. నోటీసు రెండుసార్లు చదివాడు.

"ఇల్లు కిరాయికి ఇచ్చినమంటే నీళ్లు, కరెంటు గూడ ఇచ్చినట్టే. మీరు ఉన్నన్ని రోజులు ఓనరు గూడ వాటిని బంద్ చెయ్యొద్దు. ఇది చట్టం. ఓనరుకే లేని అధికారం సంఘానికి ఎక్కడిది?" అన్నాడు.

"గట్లయితే వాళ్లకు తెల్వదా తమ్మీ?" అంది సువార్త.

"తెల్వకేంది అక్కా. కిరాయిదారు కోర్టుకు రాడని గూడ వాళ్లకు తెలుసు."

శాంతిరాజ్ పిటిషన్ వేశాడు. డాక్టరు రాసిచ్చిన కాగితం జతచేశాడు. ఏప్రిల్ చివరలో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. విచారణ ముగిసే వరకు ఆ ఇంటికి నీళ్లు గానీ, కరెంటు గానీ తొలగించరాదని ఆదేశించింది. లిల్లీ కాపీ తీసుకుని సంఘం గదికి వెళ్లింది. జగదీశ్వర్ దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి మడిచాడు.

"కోర్టును కాదంటమా బిడ్డా," అన్నాడు. "ఎవ్వరు కట్ చెయ్యరు. పో."

ఆ సాయంత్రం నల్లాలో నీళ్లు వచ్చాయి. సువార్త ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నింపింది. ఆ తర్వాత కూడా రోజూ నింపుతూనే ఉంది. మత్తయి నవ్వి, "కోర్టు మీద నమ్మకం లేదా నీకు," అన్నాడు.

"కోర్టు మీద ఉన్నది. నల్లా మీదనే లేదు," అంది ఆమె.

మే మొదలైంది. కోర్టుకు వేసవి సెలవులు ఇచ్చారు. బడికి కూడా సెలవులే కాబట్టి లిల్లీ ఇంట్లో ఉంది. ఒకనాడు మధ్యాహ్నం, అన్నాలు తిన్న కాసేపటికి మిషను ఆగిపోయింది. ఫ్యాను ఆగింది. పొద్దున కోత అయిపోయింది. మధ్యాహ్నం కోత ఉండే వేళ కాదు. లిల్లీ సిలిండరు తిప్పి, గొట్టం మార్చి, తండ్రి ముక్కుకు పెట్టింది. సిలిండరు మీద ముల్లు ఎర్రగీత దగ్గర ఉంది. పొద్దున కోతలో చాలావరకు అయిపోయింది. గ్యాసు ఏజెన్సీ వాళ్లు కొత్తది సాయంత్రం తెస్తామన్నారు.

కింది ఇంట్లో కూలర్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. లిల్లీ కిందికి దిగింది.

మెట్ల కింద గోడకు ఇనుప డబ్బా ఉంది. అందులో ఇంటికొకటి చొప్పున మెయిన్ స్విచ్చులు వరసగా ఉన్నాయి. అన్ని హ్యాండిళ్లూ పైకి ఉన్నాయి. వాళ్ల ఇంటిది ఒక్కటే కిందికి దించి ఉంది. ఆ హ్యాండిల్‌కు తీగతో రేకు బోర్డు కట్టి ఉంది. పుర్రె, రెండు ఎముకల బొమ్మ, కింద ఎర్ర అక్షరాలు: మనుషులు పనిచేస్తున్నారు, స్విచ్ వేయరాదు. డబ్బాకు తాళం లేదు. దగ్గర ఎవరూ లేరు.

లిల్లీ చెయ్యి చాచింది. తర్వాత వెనక్కి తీసుకుంది. పైకి వెళ్లింది.

"బాపూ, మన లైను దించి బోర్డు పెట్టిండ్రు. డబ్బాకు తాళం లేదు, అక్కడ ఎవ్వరు లేరు. ఎత్తాల్నా?"

మత్తయి తల అడ్డంగా ఊపాడు. "బోర్డు ఎవరిది?"

"జగదీశ్వర్ సార్‌ది కావచ్చు. బొగ్గు బాయిల ఉండే అసువంటిదే."

"గట్లయితే ఆయననే తియ్యాలె," అన్నాడు.

గనిలో అది నియమం. లైను మీద పని మొదలుపెట్టే ముందు స్విచ్ దించి బోర్డు వేలాడదీస్తారు. ఎవరు కట్టారో వాళ్లే విప్పాలి. మేనేజరు వచ్చి చెప్పినా ఇంకొకరు ముట్టరు. కట్టినవాడు మరిచిపోయి షిఫ్టు దిగి ఇంటికి వెళ్లిపోతే, మనిషిని పంపి, నిద్రలేపి, మళ్లీ గనిలోకి దింపి అతని చేతనే తీయించేవారు. అంతవరకు ఆ సెక్షన్‌లో పని ఆగేది. ముత్యం అనే హెల్పర్ చనిపోయింది ఈ నియమం తప్పినందుకే. అవతల ఎవరూ లేరనుకుని ఒకడు బోర్డు తీసి స్విచ్ ఎత్తాడు. ముత్యం అవతల కేబుల్ చేతిలో పట్టుకుని ఉన్నాడు. అతన్ని స్ట్రెచర్ మీద పైకి మోసుకొచ్చిన నలుగురిలో మత్తయి, ఆగయ్య ఉన్నారు.

లిల్లీ జగదీశ్వర్ ఇంటికి వెళ్లింది. రెండో అంతస్తు. తలుపుకు తాళం ఉంది. వాళ్లంతా పెద్దపల్లిలో పెండ్లికి పోయారని ఎదురింటి మల్లక్క చెప్పింది. లిల్లీ ఫోన్ చేసింది. రింగయింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఆగయ్యను పిలిచింది.

ఆగయ్య వచ్చి డబ్బా ముందు నిలబడ్డాడు. బోర్డు చదివాడు. హ్యాండిల్‌ను ముట్టలేదు. లైను పట్టుకుని నడుచుకుంటూ వెళ్లాడు. మెట్ల కింది నుంచి బయటి గోడకు, అక్కడి నుంచి ప్రహరీ మీదుగా వెనక సందులోని స్తంభానికి, దాని మీంచి పైకి వాళ్ల ఇంటికి తీగలు వెళ్తాయి. తర్వాత డాబా ఎక్కి రేకుల గది చుట్టూ చూశాడు. దిగి మత్తయి దగ్గరికి వచ్చాడు.

"డాబా మీద ఎవ్వరు లేరు బావా. సందుల స్తంభానికి నిచ్చెన ఉన్నది. మనిషి కనవడ్తలేడు."

"నిచ్చెన ఉన్నదంటే మనిషి ఉన్నడు," అన్నాడు మత్తయి. మాటకూ మాటకూ మధ్య ఆగుతున్నాడు. "బువ్వకు పోయి ఉంటడు. వస్తడు."

"కిందింట్లకెల్లి వైరు లాగుదమంటే ఈడిదాక అందే వైరు ఎవ్వరి దగ్గర లేదు. నీకు గ్యాసు ఎంతున్నది?"

"సరిపోతది. గంటసేపట్ల అయిపోయే పని."

సువార్త కోపంగా అంది. "ఏం సరిపోతది. ముల్లు చూడరాదు. అన్నా, నువ్వు పోయి ఎత్తు. ఏమైతే నేను చూసుకుంట."

ఆగయ్య మత్తయి వైపు చూశాడు. మత్తయి భార్య మణికట్టు పట్టుకున్నాడు. "ఎవనికన్న కరెంటు తాకుతది," అన్నాడు.

"ఎవడు లేడంటుంటే."

"ముత్యం గూడ లేడనే అన్నరు."

ఆమె తడిగుడ్డ తెచ్చి అతని మెడ తుడిచింది. కిటికీ తీసింది. బయటి గాలి లోపలి గాలి కన్నా వేడిగా ఉంది. మళ్లీ మూసింది.

లిల్లీ ఫోన్ చేస్తూనే ఉంది. చివరికి జగదీశ్వర్ ఎత్తాడు. వెనక బ్యాండు మోగుతోంది.

"ఏంది బిడ్డా, పెండ్లిల ఉన్న."

"సార్, మా స్విచ్ ఎందుకు దించిండ్రు?"

"రిపేరున్నది. మీ లైన్ల నిప్పులు లేస్తున్నయని కంప్లైంట్ వచ్చింది. లైన్‌మన్‌కు చెప్పిన. నేను ఊరికి పోతున్న గదా అని దించి పెట్టి వచ్చిన."

"లైన్ మీద ఇప్పుడు ఎవరన్న ఉన్నరా?"

"వచ్చి ఉంటడు. రాకపోయి ఉంటడు. నాకెట్ల తెలుస్తది ఈడికెల్లి?"

"బాపుకు గాలి అందుతలేదు సార్. ఎవ్వరు లేరని ఒక్క మాట చెప్పుండ్రి. మేం ఎత్తుకుంటం."

బ్యాండు చప్పుడు కొంచెం దూరమైంది.

"తెల్వకుండ ఎట్ల చెప్పాలె బిడ్డా. రేపు ఎవనికన్న ఏమన్నయితే నా మీదికి వస్తది. లైన్‌మన్ వచ్చి చెప్పేదాక ముట్టకుండ్రి. మీ బాపును అడుగు, ఆయనకు ఎరుకే," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

లైన్‌మన్ పేరు గానీ నంబరు గానీ ఆయన చెప్పలేదు. మళ్లీ చేస్తే ఫోన్ స్విచాఫ్ అని వచ్చింది. లిల్లీ శాంతిరాజ్‌కు చేసింది. అతను వరంగల్‌లో ఉన్నాడు. "ఎత్తేయి, కోర్టు ఆర్డర్ ఉన్నది, నేను చూసుకుంట," అన్నాడు. లిల్లీ ఆ మాట తండ్రికి చెప్పింది.

"కోర్టుకు తెలుసునా, లైన్ మీద ఎవడున్నడో," అన్నాడు మత్తయి. అతను పూర్తిగా చెప్పిన చివరి మాట అదే.

ఆగయ్య సందులో స్తంభం దగ్గర నిలబడ్డాడు. నిచ్చెన ఎవరిదని వచ్చేపోయే వాళ్లను అడిగాడు. ఎండకు సందులో జనం లేరు. ఒకాయన తెల్వదన్నాడు. ఆగయ్య తిరిగి వచ్చి డబ్బా తెరిచి, హ్యాండిల్ మీద చెయ్యి పెట్టాడు. లిల్లీ పక్కనే ఉంది. ఆయన చెయ్యి అలాగే ఉంది. పైకి ఎత్తలేదు.

"మామా, ఎత్తు."

"నిచ్చెన అట్లనే ఉన్నది బిడ్డా."

"నువ్వు ఎత్తకుంటే నేనెత్తుత."

"ఆయన బతికి తెలివిల ఉండి వద్దంటున్నడు. ఎట్ల ఎత్తుదాం?"

పైనుంచి సువార్త పిలిచింది. సిలిండరు అయిపోయింది. మత్తయి మంచం అంచు రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. 108కి ఫోన్ చేశారు. అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ మెట్ల మలుపుల్లో తిరగలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఆగయ్యా డ్రైవరూ చెరోవైపు పట్టుకుని దించారు. రెండో మలుపు దగ్గర మత్తయి తల పక్కకు వాలింది. అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టారు. దవాఖానకు చేరేసరికి చనిపోయాడని డాక్టరు చెప్పాడు.

సాయంత్రం ఆగయ్య ఇంటికి వచ్చేటప్పటికి హ్యాండిల్ పైకి ఉంది. బోర్డు లేదు. ఎవరు తీశారో చూసినవాళ్లు లేరు. మూడో అంతస్తులో తెరిచి ఉన్న ఇంట్లో మిషను నడుస్తోంది. దాని గొట్టం నేల మీద ఉంది. ఆగయ్య మిషను ఆపి తలుపు దగ్గరికి వేశాడు.

సమాధి అయిన తర్వాత శాంతిరాజ్ ఫిర్యాదు రాయించాడు. స్టేషన్‌లో వాంగ్మూలాలు తీసుకుంటారని పిలుపు వచ్చింది. వెళ్లే ముందు అతను తల్లీకూతుళ్లను కూర్చోబెట్టి మాట్లాడాడు.

"జగదీశ్వర్ ఏమంటుండంటే, కరెంటు కట్ చెయ్యలే, రిపేరుకు దించిన అంటుండు. ఆ నిచ్చెన కేబుల్ టీవీ వాళ్లదట. లైన్‌మన్‌కు చెప్పినట్టు గూడ ఎక్కడ లేదు. కాని అది మనం నిరూపించాలె. డబ్బాకు తాళం ఉంటే పని అయిపోతుండె. తాళం వేసిండంటే కావాలని కట్ చేసినట్టే, ఆర్డర్ ధిక్కరించినట్టే. తాళం లేదంటే, మీరే ఎత్తుకోకపోయిండ్రు అంటరు."

"తాళం ఉండె అని చెప్తం," అంది లిల్లీ.

"నేను చెప్పుమంటలేను. ఎట్లుంటదో చెప్తున్న," అన్నాడు శాంతిరాజ్. "ఆగయ్యను గూడ అడగాలె ఒకసారి."

సువార్త లేచి లోపలికి వెళ్లింది.

స్టేషన్‌లో ముందు లిల్లీని పిలిచారు. డబ్బాకు తాళం ఉందని ఆమె చెప్పింది. తర్వాత సువార్తను పిలిచారు. ఎస్సై కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. మంచినీళ్లు తెప్పించాడు.

"అమ్మా, స్విచ్ డబ్బాకు తాళం ఉండెనా?"

"నేను కిందికి దిగలే సార్."

"మీ ఆయనకు, మీకు ఎవరన్న చెప్పిండ్రా, తాళం ఉన్నదని?"

సువార్త కొంగు సర్దుకుంది. "లేదనే చెప్పిండ్రు," అంది.

"మరి ఎత్తుకోకపోయిండ్రా?"

"ఎత్తబోతే ఆయననే వద్దన్నడు."

"ఎందుకు?"

"లైన్ మీద ఉన్నోనికి తాకుతదని."

"లైన్ మీద ఎవ్వరు లేకుండిరి కదమ్మా."

"లేరని మాకెట్ల ఎరుక సార్."

ఎస్సై రాయడం ఆపి ఆమెను చూశాడు. అతను ఆదిలాబాద్ వైపు మనిషి. గనిలోకి ఎప్పుడూ దిగలేదు. "ప్రాణం పోతుంటే గూడ వద్దన్నడా?" అని అడిగాడు.

"వద్దన్నడు."

ఆ మాట అలాగే రాశారు. చదివి వినిపించారు. ఆమె వేలిముద్ర వెయ్యనని, సంతకం చేస్తానని చెప్పి తన పేరు రాసింది.

బయట ఆగయ్య టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. అతని వాంగ్మూలం ముందురోజే తీసుకున్నారు. శాంతిరాజ్ కాగితాలు బ్యాగులో పెట్టుకుంటూ, ఇక ఇది రిపేరు కిందనే పోతుందని, లిల్లీ చెప్పింది కూడా నిలవదని, సెలవుల తర్వాత కోర్టు ధిక్కారం పిటిషన్ ఒకటి వేసి చూద్దామని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఎవరి వైపూ చూడలేదు. అతను వెళ్లిపోయాడు.

"మామా, నువ్వేం చెప్పినవ్?" అని లిల్లీ అడిగింది.

"డబ్బాకు తాళం లేకుండె అన్న. నా చెయ్యి దాని మీదనే ఉండె, ఎత్తలే అన్న." ఆగయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. అందులో టీ అలాగే ఉంది. "నన్ను ఏమన్న అను బిడ్డా."

లిల్లీ తల్లి వైపు తిరిగింది. "ఒక్క మాటమ్మా. తాళం ఉండె అంటే ఏం పోతుండె నీకు. బాపు ఎట్లన్న తిరిగి రాడు, వానికన్న శిక్ష పడుతుండె."

"తాళం ఉండె అంటే బాపు వద్దన్న మాట లేనట్టే గద బిడ్డా."

"ఆ మాటతోనే పోయిండు గదా."

ఎండ నెత్తిమీద ఉంది. షేర్ ఆటో వచ్చి ఆగింది. వెనక సీట్లో ఇద్దరికి చోటుంది. ఆగయ్య సువార్తను ఎక్కించి పక్కన కూర్చున్నాడు. లిల్లీ డ్రైవర్ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉంది. ఆటో చౌరస్తా దగ్గర ఆగింది. అక్కడ ఫస్టు షిఫ్టు దిగిన వాళ్లు ఆటో ఎక్కారు, చోటు కోసం జరగమన్నారు, అందరూ జరిగారు.